క్రిప్స్ చర్చల్లో నల్లగొండకు కుర్చీ ఎక్కడ? – నా అనుభవం

నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. క్రిప్స్ రాయబారం గురించి అడిగితే మా పిల్లలు తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది. బ్రిటిష్ మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ 1942 మార్చిలో వచ్చాడు, యుద్ధం అయ్యాక డొమినియన్ ప్రతిపత్తి, అంటే బ్రిటిష్ కామన్వెల్త్ లోపలే స్వపరిపాలన, ఇస్తామన్నాడు, కాంగ్రెస్ వద్దంది, ముస్లిం లీగ్ వద్దంది, ఏప్రిల్‌లో వెళ్లిపోయాడు. గ్రూప్స్‌కు చదివేవాళ్ల నోట్సుల్లోనూ ఇంతే ఉంటుంది. మార్కులకు ఇది చాలు. కానీ ఆ మూడు వారాలు ఢిల్లీలో ఏం మాట్లాడుకున్నారు, ఏప్రిల్ 8 నాటికి దాదాపు కుదిరిందనుకున్న ఒప్పందం మర్నాటికల్లా ఎందుకు చెడింది, ఆ మాటలన్నిట్లో మన జిల్లా జనం ఎక్కడున్నారు అనేవి ఆ జవాబులో ఉండవు. అందుకే మొన్నటి సెమిస్టర్‌లో పిల్లలకు తలా ఒక పాత్ర ఇచ్చి ఆ చర్చలను క్లాసులోనే ఆటలా మళ్లీ నడిపించాను. వేరే కాలేజీల వాళ్లు కూడా ఇది చేయాలనే కోరికతో ఎలా చేశామో, ఏం జరిగిందో రాస్తున్నాను.

ముందు కాగితాలు కావాలి. బ్రిటిష్ ప్రభుత్వం అధికార బదిలీకి సంబంధించిన తన రహస్య పత్రాలను 1970 నుంచి సంపుటాలుగా అచ్చు వేసింది. మొదటి సంపుటం మొత్తం క్రిప్స్ రాయబారమే. ఢిల్లీ నుంచి లండన్‌కు, లండన్ నుంచి ఢిల్లీకి నడిచిన ముఖ్యమైన టెలిగ్రాములు తేదీలతో సహా అందులో ఉన్నాయి. మా పిల్లల్లో ఎక్కువ మంది తెలుగు మీడియం వాళ్లు. ఆ ఇంగ్లిష్‌ను అలాగే చేతిలో పెడితే మొదటి పేజీలోనే ఆగిపోతారు. కాబట్టి ఒక్కో పాత్రకు ఒక్కో ఫైలు తెలుగులో తయారు చేశాను. ఎవరి ఫైలులో వాళ్లకు అప్పటికి తెలిసిన సంగతులే ఉంటాయి. చర్చిల్ లండన్‌లో ఏమనుకుంటున్నాడో నెహ్రూ ఫైలులో ఉండదు. వైస్రాయ్ లిన్‌లిత్‌గో క్రిప్స్‌కు తెలియకుండా లండన్‌కు ఏం రాస్తున్నాడో క్రిప్స్ ఫైలులో ఉండదు. ఈ పని చాలా టైమ్ తింటుంది. అయినా ఆట మొత్తానికి ఇదే ప్రాణం. అందరికీ అన్నీ తెలిస్తే అది చర్చ కాదు, పాఠం ఒప్పజెప్పడం అవుతుంది.

లైబ్రరీ పక్క గదిని ఢిల్లీ చేశాం. తలుపు మీద '3, క్వీన్ విక్టోరియా రోడ్డు' అని రాసి అంటించారు పిల్లలు, క్రిప్స్ బస చేసిన బంగళా చిరునామా. మేడ మీద ఖాళీ గది లండన్. అక్కడ చర్చిల్, భారత వ్యవహారాల మంత్రి ఎమరీ కూర్చున్నారు. రెండు గదుల మధ్య మాట పోవాలంటే చీటీ రాసి పంపాల్సిందే, జవాబు వచ్చేదాకా ఆగాల్సిందే. ఫోన్లు బయట బుట్టలో పెట్టించాను.

ఉర్దూ బాగా వచ్చిన కుర్రాడొకడు కాంగ్రెస్ అధ్యక్షుడు మౌలానా ఆజాద్ అయ్యాడు. ఆజాద్ ఉర్దూలోనే మాట్లాడేవారు, నెహ్రూ దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పేవారు. మా దగ్గర నెహ్రూ పాత్ర వేసినమ్మాయి ఉర్దూ విని తెలుగులో చెప్పింది. నల్లగొండలో పుట్టి పెరిగిన పిల్లకు ఇదేం కష్టం కాదు. క్రిప్స్‌గా నాంపల్లి మండలం నుంచి వచ్చే ఒకమ్మాయి కూర్చుంది. తను మొదటి రోజే, "సార్, ఈయన మంచోడేనా?" అని అడిగింది. ఫైలు చదివి నువ్వే తేల్చుకో అన్నాను. క్రిప్స్ లేబర్ వాది, నెహ్రూకు స్నేహితుడు, శాకాహారి, మాస్కోలో రాయబారిగా పనిచేసి అప్పుడే తిరిగొచ్చి యుద్ధ మంత్రివర్గంలో చేరినవాడు. ఈ పని నెత్తిన వేసుకుని వచ్చింది కూడా తనంతట తానే.

బోర్డు మీద ఒక పక్క యుద్ధం తేదీలు రాసి ఉంచాను. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ ఎవరినీ అడగకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. కాంగ్రెస్‌ను, లీగ్‌ను బుజ్జగించడానికి వైస్రాయ్ చేసిన 1940 ఆగస్టు ప్రతిపాదన ఎవరికీ రుచించలేదు. ఇంతలో జపాన్ దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఆ తర్వాత మూడో రోజున, మార్చి 11న, క్రిప్స్‌ను పంపిస్తున్నామని చర్చిల్ పార్లమెంటులో చెప్పాడు. ఈ వరస చూస్తేనే ఆ రాయబారం ఎందుకొచ్చిందో సగం అర్థమవుతుంది. మిగతా సగం అమెరికా ఒత్తిడి. చర్చలు సాగుతుండగానే ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసింది. ఏప్రిల్ 6 ఘట్టానికి వచ్చిన రోజు ఆ రెండు పేర్లు బోర్డు మీద రాస్తే గదిలో ఒక్కసారిగా గోల. "వైజాగ్ మీదనా సార్?" అని ముగ్గురు నలుగురు లేచారు. అప్పటిదాకా వాళ్లకు జపాన్ ఎక్కడో దూరం. దేశ రక్షణ ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్న ఎందుకంత వేడిగా సాగిందో ఆ గోల తర్వాత నేను వివరించాల్సిన అవసరం రాలేదు.

ముసాయిదా ప్రకటనలో రెండు భాగాలుంటాయి. యుద్ధం తర్వాతి సంగతి ఒకటి: డొమినియన్ ప్రతిపత్తి, రాజ్యాంగ రచనకు ఎన్నికైన సభ, ఇష్టం లేని ప్రావిన్స్ (బ్రిటిష్ వాళ్లు నేరుగా పాలించే రాష్ట్రం) కొత్త యూనియన్‌లో చేరకుండా ఉండే హక్కు. రెండోది యుద్ధం నడుస్తున్నప్పటి సంగతి. రక్షణ బాధ్యత, అజమాయిషీ బ్రిటిష్ ప్రభుత్వానివే, జనాన్ని, వనరులను కూడగట్టే పని మాత్రం భారత ప్రభుత్వానిది అని అందులో ఉంది. మా పుస్తకాల్లో మొదటి భాగమే ఎక్కువ కనిపిస్తుంది. ఢిల్లీలో అసలు చర్చంతా రెండో భాగం మీద నడిచింది.

ఇక్కడొక ఘట్టం వివరంగా చెప్పాలి. రక్షణ శాఖ భారతీయ మంత్రికి కావాలని కాంగ్రెస్ పట్టుబట్టింది. సైన్యాధిపతి వేవెల్ యుద్ధ వ్యవహారాలు వదలడు. దానికి క్రిప్స్ ఒక దారి చూపాడు: యుద్ధం వేవెల్ దగ్గరే ఉంటుంది, భారతీయ సభ్యుడికి రక్షణ సమన్వయం పేరుతో ఒక శాఖ ఇస్తాం. ఆ శాఖలో ఏమేం ఉంటాయో జాబితా కూడా పంపాడు. క్రిప్స్ వేసిన అమ్మాయి లేచి చదవడం మొదలుపెట్టింది. ప్రజా సంబంధాలు. యుద్ధం తర్వాత సైనికులను ఇళ్లకు పంపడం, పునర్నిర్మాణం. పెట్రోలు పంపిణీ. సైనికులకు, వాళ్ల కుటుంబాలకు సదుపాయాలు. క్యాంటీన్లన్నీ. సైన్యానికి కావాల్సిన స్టేషనరీ, ప్రింటింగు, ఫారాలు. విదేశీ ప్రతినిధులు వస్తే వాళ్ల బస, విందు ఏర్పాట్లు.

క్యాంటీన్ల దాకా వచ్చేసరికి ఆ పిల్ల గొంతు తగ్గింది. స్టేషనరీ దగ్గర ఆగి నా వైపు చూసింది. చదువమ్మా, నువ్వు పంపిన కాగితమే కదా అన్నాను. ఆజాద్ వేసిన కుర్రాడు ఉర్దూ వదిలేసి, "దేశం మీద బాంబులు పడుతుంటే మాకు కాగితాలు, కలాలు ఇస్తరా?" అన్నాడు. ఆ మాట ఫైలులో లేదు, నేను నేర్పలేదు. ఆ జాబితా చదివితే ఎవరికైనా వచ్చే కోపమే అది. 80 ఏళ్ల కిందటి కాగితం ఇంత వేడిగా తగులుతుందని నేనూ అనుకోలేదు.

కల్నల్ లూయీ జాన్సన్ రంగంలోకి వచ్చాక పరిస్థితి మారింది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వ్యక్తిగత ప్రతినిధిగా ఏప్రిల్ 3న ఢిల్లీ చేరినవాడు. శాఖల పంపకాన్ని తిరగేసి రాయించాడు: రక్షణ శాఖ భారతీయుడికే, వేవెల్‌కు ఫలానా ఫలానా యుద్ధ బాధ్యతలు అని. ఒక్కో మాట అటూ ఇటూ మారుస్తూ ఏప్రిల్ 8 నాటికి రెండు పక్షాలూ బాగా దగ్గరికొచ్చాయి. మా గదిలోనూ సరిగ్గా అదే జరిగింది. పిల్లలు పెన్సిల్‌తో కొట్టేసి, రాసి, మళ్లీ కొట్టేసి, ఒప్పందం అయిపోయిందని చప్పట్లు కొట్టారు. అప్పుడు మేడ మీద నుంచి చీటీ వచ్చింది.

క్రిప్స్, జాన్సన్ తనను పక్కన పెట్టి ఇదంతా చేస్తున్నారని వైస్రాయ్ లండన్‌కు విడిగా ఫిర్యాదు చేశాడు. రూజ్‌వెల్ట్ ఆంతరంగికుడు హ్యారీ హాప్కిన్స్ ఆ రోజుల్లో లండన్‌లోనే ఉన్నాడు. జాన్సన్ ఈ మధ్యవర్తిత్వం అధ్యక్షుడి తరఫున చేస్తున్నది కాదని అతను చర్చిల్‌కు చెప్పాడు. ఇంకేం, చర్చిల్‌కు పట్టు దొరికింది. యుద్ధ మంత్రివర్గం క్రిప్స్‌కు తాళం వేసింది. వైస్రాయ్ అధికారాల్లో ఏ మార్పూ లేదు, మంత్రుల సలహాకు వైస్రాయ్ కట్టుబడతాడన్న ఏ హామీ ఇవ్వడానికీ వీల్లేదు అని. ఏప్రిల్ 9 సాయంత్రం క్రిప్స్ ఆ సంగతి ఆజాద్, నెహ్రూలకు చెప్పాల్సి వచ్చింది. మొదట్లో ఆయనే మంత్రివర్గం, జాతీయ ప్రభుత్వం అన్న మాటలు వాడాడు. ఇప్పుడు వైస్రాయ్ మాటే చెల్లే పాత కౌన్సిలే అన్నట్టు మాట్లాడాడు. 10న ఆజాద్ ఉత్తరం రాశారు, చర్చలు ముగిశాయి. 12న క్రిప్స్ విమానమెక్కాడు. మరికొంత కాలం ఆగమని రూజ్‌వెల్ట్ చర్చిల్‌కు పంపిన కబురు అందేటప్పటికి పని అయిపోయింది.

చీటీ చదివాక మా క్రిప్స్ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు వచ్చి, "సార్, ఆయన మంచోడే. గని ఆయన చేతిల ఏం లేదు" అంది. నా అభిప్రాయం ఇంచుమించు అదే. క్రిప్స్ మోసం చేయడానికి వచ్చాడని నేను నమ్మను. తనకు లేని అధికారాన్ని ఉన్నట్టు మాట్లాడాడు, ఒప్పందం కుదిర్చి తీసుకెళ్తే లండన్ కాదనలేదని ఆశపడ్డాడు. లండన్‌లో చర్చిల్‌కు మాత్రం ఇది కుదరాలన్న కోరికే లేదు. టెలిగ్రాములు వరసగా చదివినవాళ్లెవరికైనా అది తెలుస్తుంది.

జిన్నా వేసిన కుర్రాడు చర్చల నిండా నిబ్బరంగా కూర్చున్నాడు. అది సరైన నటనే. కాంగ్రెస్ నిర్ణయం తేలేదాకా లీగ్ తన నిర్ణయం బయటపెట్టలేదు. పాకిస్తాన్‌ను నేరుగా ఒప్పుకోలేదన్న కారణంతో తిరస్కరించింది, ప్రావిన్సులకు విడిపోయే దారి దొరికిందని లోలోపల గుర్తు పెట్టుకుంది. పంజాబ్ విడిపోతే తమ గతేమిటని సిక్కులు, దళితులకు రక్షణలేవని అంబేడ్కర్ అడిగిన ప్రశ్నలకు మేం తగినంత టైమ్ ఇవ్వలేకపోయాం. వాటికి విడిగా ఒక కూర్చోవడం కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చర్చలు సగంలో ఉండగా దేవరకొండ నుంచి వచ్చే విద్యార్థి ఒకడు, పాత్రేమీ లేనివాడు, గోడ దగ్గర నిలబడి అడిగాడు. "సార్, గీ సభకు నల్లగొండ నుంచి ఎవరు పోవాలె?"

ముసాయిదాలోని రాజ్యాంగ రచన సభ గురించి అతని ప్రశ్న. లెక్క వేద్దాం రమ్మన్నాను. ముసాయిదా ప్రకారం ప్రావిన్సుల శాసనసభల దిగువ సభల సభ్యులంతా కలిసి తమ సంఖ్యలో పదో వంతు మందిని ఎన్నుకోవాలి. 1935 చట్టం కింద ఆ సభల స్థానాలు మొత్తం 1585. పదో వంతు అంటే 158. బ్రిటిష్ ఇండియా జనాభా 1941 లెక్కల్లో 29 కోట్ల పైచిలుకు, అంటే 19 లక్షల మందికి ఒకరు పడతారు. సంస్థానాల జనాభా 9 కోట్ల పైచిలుకు, అదే నిష్పత్తిలో వాటికి 50 మంది వరకు. హైదరాబాద్ సంస్థానంలో 1 కోటి 63 లక్షల మంది. మనకు ఎనిమిదో తొమ్మిదో స్థానాలు. ఇక్కడిదాకా బోర్డు మీద పిల్లలే వేశారు, సంతోషంగానే వేశారు.

తర్వాతి వాక్యం చదవమన్నాను. ప్రావిన్సుల ప్రతినిధులు ఎన్నికవుతారు. సంస్థానాలు తమ ప్రతినిధులను నియమిస్తాయి. నియమించేది ఎవరు? నిజాం. అంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ జనం తలలు లెక్కలోకి వస్తాయి, వాళ్ల నోరు మాత్రం రాదు. జనాభాను బట్టి వచ్చిన కుర్చీలో రాజు పంపిన మనిషి కూర్చుంటాడు. దేవరకొండ కుర్రాడు ఆ వాక్యాన్ని పైకి రెండుసార్లు చదివాడు.

అదే రోజు కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చదివించాను. ఏప్రిల్ 2న క్రిప్స్‌కు ఇచ్చి 11న బయటపెట్టిన తీర్మానం అది. సంస్థానాల్లోని 9 కోట్ల మందిని పూర్తిగా విస్మరించడం, వాళ్లను పాలకుల చేతిలోని సరుకుల్లా చూడటం ప్రజాస్వామ్యానికీ స్వయం నిర్ణయానికీ విరుద్ధం అని అందులో స్పష్టంగా ఉంది. ఆ 9 కోట్లలో మన తాతలు, ముత్తాతలు ఉన్నారు. తిరస్కరణకు కారణాలు రాయమంటే రక్షణ శాఖ, ప్రావిన్సుల హక్కు రాసి ఊరుకుంటాం. మన జిల్లా పేరున ఉన్న కారణాన్ని మన జిల్లా పిల్లలే రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మన వాళ్లు అప్పుడు నోరు మెదపకుండా కూర్చున్నారా అంటే అదీ కాదు. నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. మహబూబ్‌నగర్ మనిషి సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక నడిపారు. సంస్థానంలో సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే నిజాం ప్రభుత్వ ఉత్తర్వు అడ్డుగా ఉండేది. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను 1938లో నిషేధించారు, 1946 దాకా ఆ నిషేధం తీయలేదు. సంస్థానంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ ఆ కట్టుబాట్ల మధ్యే పెరిగింది. 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన దేవరకొండలో, 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన చిలుకూరులో మహాసభలు జరిగాయి. చిలుకూరు సభ జరిగిన మరుసటి ఏడాదే క్రిప్స్ వచ్చాడు. ఢిల్లీలో నిజాం తరఫున ఎవరు మాట్లాడతారని లెక్క చూస్తున్నప్పుడు, హుజూర్‌నగర్ పక్కన జనం తమకోసం తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టేశారు.

ఈ రెంటినీ కలిపి చూడమని పిల్లలకు ఊళ్లల్లో పెద్దవాళ్లను కలిసే పని ఇచ్చాను. క్రిప్స్ పేరు ఎవరికీ తెలియదు, నేను ఆశించలేదు కూడా. వచ్చిన మాటలు సంఘం (ఊళ్లల్లో ఆంధ్ర మహాసభను అలా పిలిచేవాళ్లు) గురించి, వెట్టి గురించి, దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడవడం గురించి. ఒక ముసలమ్మ మా విద్యార్థినితో, "మమ్ముల ఎవడడిగిండు బిడ్డా, దొరనే అడిగేటోళ్లు" అందట. ముసాయిదాలోని ఆ ఒక్క వాక్యం ఊరి మీద ఎలా ఉండేదో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఆ వాక్యం 1942తో పోలేదు. 1946లో అధికార బదిలీ గురించి మాట్లాడటానికి వచ్చిన బ్రిటిష్ మంత్రుల బృందం, క్యాబినెట్ మిషన్, రాజ్యాంగ సభకు 10 లక్షల మందికి ఒకరి చొప్పున లెక్క కట్టి సంస్థానాలకు 93 స్థానాలు ఇచ్చింది. హైదరాబాద్ వాటా 16. ఆ తర్వాత జరిగిన మాటల్లో సంస్థానాల ప్రతినిధుల్లో సగం మందైనా ఎన్నికైనవాళ్లు కావాలన్న ఒప్పందం కుదిరింది. 1942లో ఎత్తిన అభ్యంతరం అలా కొంత నెగ్గింది. హైదరాబాద్‌కు మాత్రం అదీ దక్కలేదు. 1948 సెప్టెంబర్‌లో సంస్థానం భారత్‌లో కలిసింది, ఆ 16 స్థానాలు రాజ్యాంగ సభ చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. 1949 నవంబర్‌లో నిజాం ఫర్మానా (రాజశాసనం) ద్వారా రాజ్యాంగాన్ని అంగీకరించారు. ఇది చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు, పుస్తకాలు తెరిపించి చూపించాను. మన జనం ఓటుతో ఢిల్లీకి మనిషిని పంపింది 1952లో. ఆ మొదటి ఎన్నికలో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3 లక్షల పైగా ఓట్లు వచ్చాయి, నెహ్రూకు వచ్చిన వాటికన్నా ఎక్కువ. పదేళ్ల కింద కుర్చీ లేని జనం వేసిన ఓట్లవి.

చేయాలనుకునే వాళ్లకు రెండు మాటలు. లండన్ గదిని తీసేయకండి. అది లేకపోతే ఒప్పందం కుదిరిపోతుంది, ఎందుకు చెడిందో ఎవరికీ అర్థం కాదు. చర్చిల్ పాత్ర నెమ్మదస్తుడికి ఇవ్వండి, అరిచేవాడికి ఇస్తే పిల్లలు దాన్ని సినిమా విలన్‌లా చూసి ఊరుకుంటారు. ఇంకా, సంస్థానాల పక్షాన ఒక కుర్చీ తప్పనిసరిగా వేయండి. దాని వెనక పాత్ర లేని పిల్లలను నిలబెట్టండి, వాళ్లకు మాట్లాడే హక్కు ఇవ్వకండి. మా దగ్గర అది అనుకోకుండా జరిగింది, ఈసారి కావాలనే చేస్తాను.

మహబూబ్‌నగర్ నుంచి ఒక మాస్టారు ఫైళ్లు అడిగి తీసుకెళ్లారు. మా క్లాసు మాత్రం 1947లో హైదరాబాద్‌కూ భారత ప్రభుత్వానికీ మధ్య నడిచిన యథాతథ ఒప్పందం (పాత సంబంధాలనే ప్రస్తుతానికి కొనసాగించే ఒప్పందం) చర్చలు ఎత్తుకోవాలంటోంది, నవంబర్ 29న సంతకాలయిన ఒప్పందం. దేవరకొండ కుర్రాడు స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ పాత్ర తనకే కావాలని ముందే చెప్పి పెట్టాడు. ఆ బల్ల దగ్గర స్టేట్ కాంగ్రెస్‌కు కుర్చీ లేదని చెప్పాను. అయితే తలుపు బయట నిలబడి అడుగుతానన్నాడు. ఫైలు తయారు చేస్తున్నాను.